సర్పంచి భర్తకు ఓ పోస్టివ్వండి సార్!

పంచాయతీరాజ్ శాఖ పెద్దలకు, పల్నాడు జిల్లా ఎడ్లపాడు హైవే పక్కనుంచి ఒక ఓటరు విన్నపం.

జీతం, హోదా, గుర్తింపు కార్డు లేకుండా తమరు ఒక వర్గం చేత ఏళ్ల తరబడి వెట్టిచాకిరీ చేయించుకుంటున్నారు. సర్పంచి భర్తలు వాళ్లు. ఏ ఒక్క ఊరి సంగతో కాదిది. గుంటూరు నుంచి మాచర్ల దాకా పండగ ఫ్లెక్సీలు చూసుకుంటూ పోండి. ఆమె బొమ్మ పాస్‌పోర్టు సైజు, ఆయనది నిలువెత్తు.

పాపం, ఆయన పడే కష్టం చూడండి. పొద్దున్నే టీకొట్టు దగ్గర వీధిలైట్ల పంచాయితీ. పదింటికి మండలాఫీసు మీటింగు. డిజిటల్ సంతకం డాంగిల్ ఒక జేబులో, ఓటీపీ వచ్చే ఫోను ఇంకో జేబులో. అధికారి ఫోన్ చేసి ‘సర్పంచి గారేనా?’ అంటే ‘ఆఁ, చెప్పండి సార్’ అని మగ గొంతు పలుకుతుంది. అధికారికి అనుమానమే రాదు. రోడ్డు బిల్లు పాసవుతుంది. తన సంతకంతోనే ఆ రోడ్డు పడిందని, దాని మీదుగా మిరపకోతకు పోయేటప్పుడు ఆమెకు తెలుస్తుంది.

చట్టానికేం లోటు లేదు. 1993 ఏప్రిల్ 24న 73వ రాజ్యాంగ సవరణ అమల్లోకి వచ్చి ఆడవాళ్లకు మూడోవంతు సీట్లిచ్చింది. మన రాష్ట్రం ఇంకా ఉదారంగా సగం ఇచ్చేసింది. ఎస్సీ, ఎస్టీ, బీసీ స్థానాల్లోనూ సగం వాళ్లవే. మనం ఆ చట్టాన్ని గౌరవించాం. నామినేషన్ ఆమె చేతే వేయించాం, దండ ఆమె మెళ్లోనే వేశాం. మిగతాది మనం చూసుకున్నాం.

2015లో ప్రధాని ‘సర్పంచి పతి’ సంస్కృతికి స్వస్తి చెప్పమన్నారు. చప్పట్లు కొట్టాం. 2023లో కేంద్రం కమిటీ వేసింది. ఆడవాళ్ల అధికారం మగవాళ్లు చెలాయిస్తే గట్టి శిక్షలు వేయాలని ఆ కమిటీ 2025 ఫిబ్రవరిలో చెప్పింది. మరుసటి నెలలోనే ఛత్తీస్‌గఢ్ కబీర్‌ధామ్ జిల్లా పరస్వారాలో గెలిచిన ఆరుగురు మహిళా సభ్యులకు బదులు వాళ్ల భర్తలు వరసగా నిలబడి ప్రమాణం చేశారు. మనవాళ్లు ఇంకా ఆ మెట్టెక్కలేదు. మొహమాటస్తులు.

స్థానం ఎస్సీ మహిళకు వచ్చిందా, భర్తకూ ఆ యోగం పట్టదు. అక్కడ ఆసామి దిగుతాడు. తన పొలంలో కూలికొచ్చే ఆవిడ చేతే నామినేషన్ వేయిస్తాడు, గెలిచాక ‘మా మనిషే’ అంటాడు. సంతకానికి కబురు పంపితే ఆమె గుమ్మం బయట నిలబడి పెడుతుంది. 2020లో తమిళనాట కడలూరు జిల్లా తెర్కు తిట్టైలో దళిత మహిళా అధ్యక్షురాలిని నేల మీద కూర్చోబెట్టి, మిగతావాళ్లు కుర్చీల్లో కూర్చుని పంచాయతీ మీటింగు నడిపారు. రిజర్వేషన్ కుర్చీకే ఇచ్చారట మరి, కూర్చోడానికి కాదట!

కాబట్టి మహాప్రభో, ఈ దొంగాట మాని చట్టాన్నే సవరించండి. ‘భర్త సర్పంచి’ అనే పోస్టు పెట్టండి. అర్హత: గెలిచిన భార్య ఉండాలి, ఆమెకు మాట్లాడే అలవాటు ఉండకూడదు. భర్త లేని చోట కొడుకు, మరిది, బావ. ఎస్సీ వాడలో అయితే ఆసామి. ప్రమాణ స్వీకారానికి ఆమె రావడం ఐచ్ఛికం.

మాది పల్నాడు సార్. అన్ని కులాలనూ ఒకే చాప మీద కూర్చోబెట్టి బువ్వ పెట్టిన బ్రహ్మనాయుడి చాపకూడు మా కథే. ఆ కథ చెప్పేటప్పుడు మా ఛాతీ ఉప్పొంగుతుంది, చాప మాత్రం ఇంకా వాడలవారీగానే పరుచుకుంటాం. గురజాలలో మంత్రాంగం నడిపిన నాయకురాలు నాగమ్మా మా మనిషే. ఆవిడ వెనక ‘మంత్రి పతి’ ఎవరూ లేరు. తన బుర్రతో తనే రాజ్యం నడిపింది. అందుకేనేమో, పల్నాటి యుద్ధం పాపమంతా ఆమె నెత్తిన రుద్ది ఎనిమిది వందల ఏళ్లుగా ఊరూరా చెప్పుకుంటున్నాం.

ఇక వెటకారం చాలు. ఆడవాళ్లకు చేతకాదన్నది అబద్ధం. ఎండలో మిరప కోసి, మిల్లులో షిఫ్టు చేసి, అర్ధరాత్రి కుళాయి దగ్గర బిందె పెట్టిన మనిషికి ఊరి నీళ్ల కష్టం ఎవరూ నేర్పక్కర్లేదు. తనంతట తాను కుర్చీలో కూర్చుని పనిచేసిన సర్పంచులూ ఉన్నారు. వాళ్లకు ఎదురైన మొదటి అడ్డంకి ఇల్లు, రెండోది ఆఫీసు. భర్తకు ఫోన్ చేసే అధికారి, భర్తను వేదికెక్కించే ఎమ్మెల్యే, భర్తకు నమస్కారం పెట్టే మనం, అందరం ఈ నేరంలో భాగస్తులమే.

వచ్చే పంచాయతీ ఎన్నికల్లో ఆమె మీ గుమ్మంలోకి వస్తే ఒక్కటడగండి: ‘అమ్మా, ఊరికి ఏం చేస్తావో నువ్వు చెప్పు.’ పక్కనున్న మగమనిషి అందుకుంటే, ‘నువ్వుండయ్యా’ అనండి. గెలిచాక గ్రామసభలో మైకు ఆమె చేతికే ఇవ్వమని పట్టుబట్టండి. ఆ మాత్రం చేయలేకపోతే ఓటు ఆమెకు వేశామని చెప్పుకోకండి.