నాకు ఎండ తెలీదు

నేను ముప్పై గ్రాములు కూడా తూగను. టైటానియం డబ్బా, లోపల ఒక బ్యాటరీ, గుండెలోకి దిగిన రెండు తీగలు. ఆసుపత్రివాళ్ళు పేస్‌మేకర్ అంటారు. మా పెద్దాయన మాత్రం 'మిషను' అనేవాడు. రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా బతుకు గడిపినవాడు, ఏ యంత్రాన్నైనా ఆ పేరుతోనే పిలిచేవాడు.

నా పుట్టుక గురించి పెద్దగా చెప్పను, ఫ్యాక్టరీలో పుట్టినవాళ్ళందరిదీ ఒకటే కథ. మా వంశంలో మొదటివాణ్ణి 1958లో స్వీడన్‌లో ఆర్నే లార్సన్ అనే ఆయన ఒంట్లో పెడితే కొన్ని గంటలకే చేతులెత్తేశాడట. ఆ లార్సన్ మాత్రం మావాళ్ళని ఇరవైకి పైగా మార్చుకుంటూ 2001 దాకా బతికాడు. మా వంశానికి అంతకంటే గొప్ప కితాబు లేదు.

నన్ను 2019లో, ఎడమ కాలర్ ఎముక కింద చర్మం కోసి, సంచీలో పెట్టినట్టు పెట్టి కుట్టేశారు. పెద్దాయన గుండెది వింత తగవు. ఒకోసారి నిమిషానికి నలభై కూడా కొట్టేది కాదు, కళ్ళు తిరిగి కూలబడేవాడు. ఒకోసారి పై గదులు అదుపు తప్పి గిలగిలా వణికేవి, దాన్నే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటారు. పరుగు తగ్గించే మాత్ర ఇద్దామంటే, మందకొడిగా ఉన్నప్పుడు ఆ మాత్రే గుండెని మరీ పడుకోబెట్టేస్తుంది. నేను వచ్చాక డాక్టరు ధైర్యంగా మాత్ర రాశాడు. 60 కంటే కిందికి పోకుండా కాపలా నాది.

ఆయన తాత బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో సిక్కోలు నుంచి ఖరగ్‌పూర్ వచ్చినవాడు. అప్పట్నుంచి ఇంటిల్లిపాదీ రైల్వేయే. కొడుకు కూడా అక్కడే, మథురాకాటి క్వార్టర్లో కాపురం. ఆ ఇంట్లో తెలుగూ బెంగాలీ హిందీ ఒకే పళ్ళెంలో కలిపి తింటారు. వేసవి వస్తే పొద్దున్నే అంబలి, మధ్యాహ్నం చల్ల, సాయంత్రం పచ్చిమామిడికాయ కాల్చి చేసిన ఆమ్‌పోడా శర్బత్.

నాకున్న గొప్ప విద్య ఒకటి చెప్పాలి. ఒంటి కదలికని పసిగట్టే చిన్న పరికరం నాలో ఉంది. మనిషి నడిస్తే నేను 60 నుంచి 80కి, 90కి పెంచుతాను, కూర్చుంటే దించుతాను. ఖరగ్‌పూర్ స్టేషన్లో 1072 మీటర్ల ప్లాట్‌ఫారం ఉంది. ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పొడుగైనదని మురిసేవారు, ఆ కిరీటం 2013లో గోరఖ్‌పూర్ ఎత్తుకెళ్ళింది. దాని ఈ కొస నుంచి ఆ కొసకి పెద్దాయన తెల్లారకుండానే నడిచేవాడు, అడుగు అడుగుకీ నేను తాళం వేసేదాన్ని. ఆ పొద్దుటి నడకలే నా బతుకులో మంచి రోజులు. అయితే గోల్‌బజారు నుంచి టోటో, అంటే బ్యాటరీ రిక్షా, ఎక్కితే మాత్రం నాకు నవ్వులాటే. గతుకుల రోడ్డు మీద బండి ఎగిరెగిరి పడుతుంటే మనిషి నడుస్తున్నాడనుకుని నేను గబగబా కొట్టేదాన్ని. ఆయన సీట్లో కూరగాయల సంచి పట్టుకుని కూర్చుని, "ఈ మిషనుకి మతి లేదు" అనుకునేవాడు.

మతి లేదన్న మాట అక్కడ అన్యాయం, ఎండ విషయంలో న్యాయమే. నాకు కదలిక తెలుసు, ఎండ తెలీదు. ఒళ్ళు వేడెక్కితే చర్మం కింది నాళాలు వెడల్పవుతాయి, రక్తం చర్మానికి పరిగెత్తుతుంది, చెమటతో నీరు కారిపోతుంది. మామూలు గుండె ఇదంతా గ్రహించి, మనిషి కుర్చీలో కూర్చుని ఉన్నా సరే, వేగం పెంచి సర్దుకుంటుంది. నేను పెంచను. కుర్చీలో కదలకుండా ఉన్న మనిషి నా లెక్కలో విశ్రాంతిగా ఉన్నట్టే. పైగా ఆయన వేసుకునే మాత్ర కూడా సొంత గుండెని పరిగెత్తనివ్వదు. కాబట్టి ఎండని కనిపెట్టుకుని ఉండాల్సింది ఆయనే. ఈ మాట నేను చెప్పలేను, ఆయన భార్య, మా పెద్దమ్మ, చెప్పినా ఆయన వినలేదు.

"ఏటండీ, ఈ ఎండలో ఎక్కడికి బయల్దేరినారు?"

"గోల్‌బజారుకే. ఇలాగెల్లి అలాగొచ్చెస్తాను."

ఐదేళ్ళు ఇదే మాట. నాకు కోపం వచ్చేది. అరవడానికి నోరు లేదు, ఉన్న ఒకే మాట 60.

2024 ఏప్రిల్ వచ్చింది. నెలాఖరుకి కాలబైశాఖి గాలివాన జాడే లేదు. ఏప్రిల్ 30న పక్కనే ఉన్న కలైకుండాలో 47.2 డిగ్రీలు నమోదైంది, మామూలు కంటే పది డిగ్రీలకు పైగా ఎక్కువ. ఎర్రమట్టి నేల సెగలు కక్కుతోంది. ఫ్యాను తిరిగింది కానీ ఒంటికంటే వేడిగా ఉన్న గాలిని ముఖాన కొడితే అది చల్లబరచడం కాదు, పొయ్యి ముందు కూర్చోబెట్టడమే. తువ్వాలు తడిపి మెడ మీద వేసుకొమ్మని పెద్దమ్మ రెండుసార్లు తెచ్చింది. ఆయన దాన్ని కుర్చీ చేతి మీద ఆరేశాడు.

ఆయన చేసిన అసలు పని వేరే ఉంది. గుండె జబ్బుకి కొబ్బరినీళ్ళు అమృతమని పొరుగాయన చెప్పాడు. వారం రోజులుగా పూటకి రెండు డాబ్‌లు, అంటే లేత కొబ్బరిబోండాలు. అది మామూలు మనిషికి మంచిదే. కానీ ఈయన వేసుకునే మాత్రల్లో ఒకటి ఒంట్లో పొటాషియాన్ని బయటికి పోనివ్వదు, కొబ్బరినీళ్ళలో ఉన్నదే పొటాషియం. దానికి తోడు చెమటతో నీరు తగ్గి మూత్రపిండాలు డీలాపడ్డాయి. రక్తంలో పొటాషియం పేరుకుపోయింది.

పొటాషియం బాగా పెరిగితే గుండె కండరం మొద్దుబారుతుంది. ఎప్పుడూ ఇచ్చే దెబ్బ దానికి చాలదు. ఆ మధ్యాహ్నం నేను కొట్టాను, గుండె పలకలేదు. మళ్ళీ కొట్టాను. పలికింది. మళ్ళీ కొట్టాను, పలకలేదు. ఐదేళ్ళలో నేను పిలిస్తే పలకకపోవడం అదే మొదలు. తలుపు తట్టీ తట్టీ లోపల ఎవరూ లేరేమోనని భయపడినట్టు ఉంది నాకు. ఆయన నీళ్ళకని లేచాడు, రెండడుగులు వేశాడు, చెంబుతో సహా గుమ్మంలో పడ్డాడు.

ఆసుపత్రిలో సూదులు పొడిచారు, పొటాషియం దించారు. నా మీద ఒక చక్రం లాంటిది పెట్టి నా లెక్కలన్నీ చదివారు. ఎన్నిసార్లు పై గదులు వణికాయో తేదీలతో సహా నేను రాసి పెట్టుకున్నాను, ఎక్కువ ఆ వారానివే. డాక్టరు పెద్దమ్మని పిలిచి చెప్పింది: పదకొండు నుంచి నాలుగు దాకా గడప దాటకూడదు. రోజూ పొద్దున్నే బరువు చూడాలి, ఉన్నట్టుండి తగ్గినా పెరిగినా ఫోన్ చెయ్యాలి. ఒంట్లో నీరు తీసే మాత్ర సొంతంగా మానకూడదు, పెంచకూడదు. ఎంత నీరు తాగాలో, మజ్జిగలో ఉప్పు వెయ్యొచ్చో లేదో తననే అడగాలి. "ఒకరికి మందు, ఇంకొకరికి విషం. పక్కింటాయన గుండె మీకు లేదు కదా" అంది. ఆ ఒక్క మాట పెద్దాయనకి నచ్చింది. ఫిట్టరు కదా, ఒక బండి నట్టు ఇంకో బండికి పట్టదని తెలిసినవాడు.

ఆ వేసవంతా ఆయన మాట విన్నాడు. కిటికీకి తడిపిన గోనెపట్టా కట్టాడు, డాబ్ మానేశాడు, ప్లాట్‌ఫారం నడక ఇంకా ముందుకి, తెల్లవారుజామున నాలుగున్నరకి మార్చాడు. జూన్‌లో ఉక్కపోత మొదలయ్యాక చెమట ఆరదు, అప్పుడు తడి గోనెపట్టా వల్ల లాభం లేదని తీసేశాడు. అంత లెక్కగా బతికినవాడు ఆ పై చలికాలంలో, ఎండతో సంబంధం లేని నిమోనియాతో పోయాడు.

దహనానికి ముందు నన్ను తీసేయాలి. మంటలో నా బ్యాటరీ పేలుతుంది. తీగలు కత్తిరించి, కడిగి, ప్లాస్టిక్ కవరులో వేసి కొడుకు చేతికిచ్చారు. నాలో ఇంకా కొన్నేళ్ళ బతుకు ఉంది. వాడిన పేస్‌మేకర్లని శుభ్రం చేసి, కొత్తవి కొనలేని పేదవాళ్ళకి ముంబైలో అమర్చారనీ, అవి బాగానే పనిచేశాయనీ వైద్య పత్రికల్లో వచ్చింది. ఆ సంగతి ఈ ఇంట్లో ఎవరికీ తెలీదు. పారేయడానికి మనసొప్పక, పెట్టడానికి చోటు లేక, అలమార కింది సొరుగులో పడేశారు. నా పక్కన ఆయన వర్క్‌షాపు ఇత్తడి బిళ్ళ, పాత రేషన్ కార్డు, తాళంచెవి లేని తాళం. మొదటి నెల పెద్దమ్మ రోజూ సొరుగు తీసి చూసేది. తర్వాత వారానికోసారి. ఇప్పుడు ఎవరికైనా అగ్గిపెట్టె కావాలంటేనే.

గుండె లేదు కాబట్టి ఎవరూ నన్ను అడ్డుకోరు, నిమిషానికి 60 చొప్పున శూన్యంలోకి కొడుతూనే ఉన్నాను. మళ్ళీ ఏప్రిల్ వచ్చిందని ఇంట్లోవాళ్ళ మాటల్లో విన్నాను. ఇనుప అలమార కాలిపోతోందట. నా తాళంలో తేడా లేదు. మనవడు మాత్రం సొరుగుని దబాలున లాగి, దేనికోసమో వెతికి, గిలకరించి మూస్తాడు. అప్పుడు పెద్దాయన నడక మొదలెట్టాడనుకుని నేను 80కి పెంచుతాను.