కుర్రవాడు కదా, వ్యాసం రాయించండి

‘పీఠిక: రహదారులు మానవ జీవితమున ప్రముఖ పాత్ర వహించుచున్నవి. విషయ వివరణ: అతి వేగము ప్రాణాంతకము. ముగింపు: కావున మనమందరమూ ట్రాఫిక్ నియమములను పాటించెదము గాక.’

ఎనిమిదో తరగతిలో ఇలాంటి వ్యాసం రాస్తే తెలుగు మాస్టారు పదికి ఐదు వేసి, చేతిరాత బాగోలేదని అందులోనూ ఒకటి కోసేవారు. పుణెలో అయితే దీనికి బెయిలు దొరికింది.

2024 మే 19, ఇంకా తెల్లవారలేదు. కల్యాణీనగర్‌లో ఓ పోర్షే కారు బైకును గుద్దింది. బైకు మీదున్న ఇద్దరు ఐటీ ఇంజనీర్లూ చనిపోయారు. ఇద్దరికీ 24 ఏళ్లు. కారు నడిపింది ఓ బిల్డరుగారి పదిహేడేళ్ల అబ్బాయి అని పోలీసులు కేసు పెట్టారు. ఆ రోజు పూర్తిగా గడవకముందే జువెనైల్ జస్టిస్ బోర్డు బెయిలిచ్చింది. షరతులు లేకపోలేదు. రోడ్డు ప్రమాదాల మీద 300 మాటల వ్యాసం రాయాలి. ట్రాఫిక్ నియమాలు చదువుకోవాలి. తాగుడు మాన్పించే కౌన్సెలింగుకు వెళ్లాలి. మనవణ్ణి చెడు సావాసాలకు దూరంగా ఉంచుతానని తాతగారు మాటివ్వాలి. తాతగారు ఇచ్చారు కూడా. వారం తిరగకుండానే, నేరం నెత్తిన వేసుకోమంటూ ఇంటి డ్రైవరును నిర్బంధించారన్న ఆరోపణ మీద పోలీసులు తాతగారినే పట్టుకెళ్లారు. చెడు సావాసం విషయంలో బోర్డు ఇంటి బయట వెతికినట్టుంది.

దేశమంతా గగ్గోలు పుట్టాక అబ్బాయిని అబ్జర్వేషన్ హోముకు పంపారు. జూన్ 25న బాంబే హైకోర్టు, అలా ఉంచడం చట్టవిరుద్ధమంటూ విడిచిపెట్టమంది. ఈ మధ్యలోనే మన డ్రాయింగు రూముల్లోని న్యాయకోవిదులకు గొంతు పెగిలింది. కుర్రవాడండీ! తెలిసీ తెలియని వయసు! ఒక్క పొరపాటుకి జీవితాంతం శిక్షా? జైల్లో వేస్తే భవిష్యత్తు ఏమైపోవాలి?

నిజమే, ఎంత పొరపాటో చూడండి. కోటిన్నర పైచిలుకు ఖరీదు చేసే కారుకి 1,758 రూపాయల ఫీజు కట్టకపోవడంతో రిజిస్ట్రేషనే పూర్తికాలేదు. అంతకుముందు ఓ పబ్బులో గంటన్నరలో 48,000 రూపాయల బిల్లయిందని పోలీసులే చెప్పారు. ఈ ఇంట్లో డబ్బుకి లోటని ఎవరూ అనుకోకూడదనే ఆ వివరం చెప్పారేమో. తర్వాత ప్రభుత్వాసుపత్రిలో కొడుకు రక్తం బదులు తల్లి రక్తం పరీక్షకు వెళ్లిందని ఆరోపణ. తండ్రి, తల్లి, డాక్టర్లు వరసగా అరెస్టయ్యారు. పిల్లవాడి కోసం రక్తం ధారపోసే తల్లుల గురించి విన్నాం గానీ, సీసాలో పోసిచ్చే వాత్సల్యం ఇప్పుడే వింటున్నాం.

సరే, శిక్షలు మరీ కఠినంగా ఉన్నాయన్న మాటకే వద్దాం. నిర్లక్ష్యంగా బండి నడిపి మనిషిని చంపితే పాత శిక్షాస్మృతి 304ఎ కింద గరిష్ఠంగా రెండేళ్లు. కొత్త న్యాయసంహిత దాన్ని అయిదేళ్లకు పెంచింది. 1999లో ఢిల్లీలో ఓ సంపన్నుల కుర్రాడి బీఎండబ్ల్యూ ఆరుగురిని బలిగొంది. ఆ కేసు 2012లో సుప్రీంకోర్టులో తేలేసరికి, అప్పటికే అనుభవించిన రెండేళ్ల జైలు చాలు, 50 లక్షలు కట్టి రెండేళ్లు సమాజసేవ చెయ్యమన్నారు. పద్దెనిమిది నిండని వాడికి బోర్డు వేయగలిగిన పెద్ద శిక్ష ప్రత్యేక గృహంలో మూడేళ్లు. పుణె అబ్బాయిని పెద్దవాడిగా విచారించాలన్న పోలీసుల వినతిని 2025 జూలైలో బోర్డు తోసిపుచ్చింది. భవిష్యత్తు గురించి బెంగ అక్కర్లేదు: బాలుడిగా విచారించి నేరం రుజువైనా దానివల్ల ఏ అనర్హతా అంటదని జువెనైల్ జస్టిస్ చట్టం 24వ సెక్షన్ చెబుతోంది, రికార్డులు కూడా చెరిపేయమంటోంది. మనవాళ్లు కన్నీళ్లు పెట్టుకునేదంతా చట్టం ముందే రాసిపెట్టింది.

ఆ చట్టాన్ని నేను వెక్కిరించడం లేదు. పదిహేడేళ్లవాణ్ణి ముదురు నేరస్థుల మధ్య పడేస్తే మంచివాడై వస్తాడని నమ్మడం మూర్ఖత్వం. నాకు అర్థంకానిదల్లా, ఈ జ్ఞానం మనకు పోర్షే హెడ్‌లైట్ల వెలుతురులోనే ఎందుకు కలుగుతుందన్నది. సెల్‌ఫోను కొట్టేసిన పంతొమ్మిదేళ్ల కుర్రాణ్ణి బస్టాండులో పట్టుకున్నప్పుడు ‘తెలిసీ తెలియని వయసు’ అని ఎవరైనా అన్నారా? ‘నాలుగు తగిలించండి, ముందు చేతులు కట్టెయ్యండి’ అంటాం. దేశంలో జైళ్లలో ఉన్నవాళ్లలో నాలుగింట మూడు వంతుల మంది ఇంకా విచారణ ఖైదీలే, అంటే నేరం రుజువు కానివాళ్లే. బెయిలొచ్చినా జామీను పెట్టే మనిషి దొరక్క చంచల్‌గూడలాంటి చోట్ల కూర్చున్నవాళ్లూ అందులో ఉన్నారు. వాళ్లకి తాతలు లేరా? ఉంటారు, హామీ పత్రం మీద వేలిముద్ర వేసేవాళ్లు. వాళ్ల చేతా మూడొందల మాటలు రాయించండి. అక్షరాలు రానివాళ్లకి మినహాయింపు ఇవ్వకండి, పక్క బ్యారక్‌వాడి చేత రాయించుకుంటారు. పోర్షే వాళ్లకి రక్తమే వేరేవాళ్లది దొరికినప్పుడు వీళ్లకి వ్యాసం దొరక్కపోతుందా?

లారీ డ్రైవర్ల సంగతీ చూడండి. గుద్ది మనిషిని చంపి, పోలీసులకు చెప్పకుండా పారిపోతే పదేళ్ల వరకు జైలని న్యాయసంహిత 106(2)లో రాశారు. ఆగితే జనం కొట్టి చంపుతారు, వెళ్తే పదేళ్లు అంటూ 2024 జనవరిలో వాళ్లు చక్రాలు ఆపేశారు. హైదరాబాద్ బంకుల ముందు బారులు తీరిన కార్లలో కూర్చుని మనం ఏమన్నాం? ‘వీళ్లకి భయం ఉండాలండీ!’ ఆ నిబంధనను ప్రస్తుతానికి పక్కన పెట్టారు, అది మన కరుణవల్ల కాదు, పెట్రోలు అయిపోవడంవల్ల.

ఇక ఇంటి గుమ్మం దగ్గరికొద్దాం. ‘మావాడు తొమ్మిదిలోనే యాక్టివా నేర్చేసుకున్నాడండీ, నేను అసలు నేర్పనే లేదు’ అని పెళ్లిలో పులిహోర వడ్డించుకుంటూ చెప్పే తండ్రి ప్రతి వీధిలో ఒకడున్నాడు. పది పాసైతే బండి అన్న ఒప్పందం కొన్ని ఇళ్లలో నిశ్చితార్థం కన్నా గట్టిది. ట్యూషన్‌కి ముగ్గురెక్కి వెళ్తుంటే అమ్మ బాల్కనీలోంచి ‘మెల్లగా నాన్నా’ అంటుంది, అదే మన రోడ్డు భద్రతా విధానం. 2022లో దేశంలో రోడ్ల మీద పోయినవాళ్లు 1,68,491 మంది.

మైనరు బండి నడిపి నేరం చేస్తే, తెలిసి ఇచ్చిన తండ్రిదీ యజమానిదీ తప్పేనని 2019లో మోటారు వాహనాల చట్టంలో 199ఎ చేర్చారు. మూడేళ్ల వరకు జైలు, 25,000 జరిమానా, ఏడాదిపాటు బండి రిజిస్ట్రేషన్ రద్దు, పిల్లవాడికి పాతికేళ్ల దాకా లైసెన్సు లేదు. నాన్నగారికి మూడేళ్లంటే మరీ కఠినం అని ఈ కోవిదులు ఇంకా ఎవరూ అనలేదు. ఆ సెక్షన్ ఒకటుందని తెలిస్తే కదా.