కారే బండి, మారని బాబాయి

అమీర్‌పేట, పంజాగుట్టల మధ్య ఏ పాత అపార్ట్‌మెంట్ సెల్లారులోకైనా దిగి చూడండి. ఓ మూల నల్లటి మరక. మరక మీద అట్టముక్క, అట్ట మీద రంపపు పొట్టు, పక్కనే ముక్కాలి పీట. ఆ పీట మీద కూర్చున్నాయనే బుల్లెట్ బాబాయి. ఎవరికి బాబాయి అని అడక్కండి. బ్యాంకులోనో కరెంటాఫీసులోనో రిటైరై, పాత బండి ముందు పానా పట్టుకుని కూర్చున్నాక కాలనీ మొత్తానికీ ఆ వరస ఖాయమైపోతుంది.

బండి మద్రాసులో పుట్టిన పోత ఇనుప బోరు బుల్లెట్. ఎన్‌ఫీల్డ్ ఇండియా 1955లో మొదలైందని నిద్రలో లేపి అడిగినా చెబుతారు. సొంత పెళ్లిరోజు మాత్రం పిన్నిగారు గుర్తు చేయాలి. గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. వాళ్లబ్బాయి ఒకసారి పంజాగుట్ట సిగ్నల్ దగ్గర బ్రేకనుకుని గేరు తొక్కాడు. అప్పట్నుంచి మెట్రో తప్ప ఇంకేదీ ఎక్కడు.

ఇక కారడం సంగతి. "కారడం కాదోయ్, చెమట!" అంటారు బాబాయి. ఆ చెమట ట్యాపెట్ కవర్ దగ్గర మొదలై కిందికి పాకి, సైలెన్సర్ మీద పడి కమురు వాసన కొడుతుంది. ఎడమవైపు చైన్‌కేస్‌ది ఇంకో కథ. అంత పెద్ద మూతనూ మధ్యలో ఒక్క నట్టే పట్టుకుని ఉంటుంది, లోపల రబ్బరు రింగు. నట్టు మోస్తరుగా బిగిస్తే రింగు ఒదిగి కూర్చుంటుంది. కానీ మోస్తరు అనేది బాబాయి నిఘంటువులో లేదు. చుక్క కనపడగానే పానాతో అర చుట్టు తిప్పుతారు. రింగు చితుకుతుంది, చుక్క ధారవుతుంది. "చూశావా, బిగించకపోతే ఇంకెంత కారేదో!" అంటూ మరో అర చుట్టు.

2010 ప్రాంతం నుంచి వచ్చిన కొత్త ఇంజన్ల బుల్లెట్లు ఇలా కారవు. వాటి ఓనర్లంటే ఆయనకు జాలి. "ఆదివారాలు ఏం చేస్తారయ్యా పాపం?"

సెల్లారు టైల్స్ పాడవుతున్నాయని అసోసియేషన్ సెక్రటరీ మీటింగు పెట్టినప్పుడు బాబాయి సంజాయిషీ ఇవ్వలేదు, క్లాసు తీసుకున్నారు. "బోరు 70 మిల్లీమీటర్లు, స్ట్రోకు 90. పిస్టన్ దిగినప్పుడల్లా కింద క్రాంక్‌కేస్‌లో 346 సీసీల గాలిని తోస్తుంది. అంటే మూడు ఇరానీ చాయ్ కప్పుల గాలి! నిమిషానికి 3,000 చుట్లు తిరిగితే సెకనుకు 50 సార్లు. అంత గాలీ ఎటు పోవాలి? బ్రీదర్ పైపులోంచి పోవాలి. పైపు చివర బాతుముక్కు రబ్బరుంటుంది. గాలి బయటికొచ్చేటప్పుడు నోరు తెరుస్తుంది, పిస్టన్ పైకెళ్లేటప్పుడు మూసుకుంటుంది. దాంతో లోపల గాలికి కాస్త లోటు ఏర్పడి, ఆయిల్ బయటికి రాకుండా ఉంటుంది. ఆ దారి పూడిందా, గాలి ప్రతి ప్యాకింగ్ సందులోనూ దూరుతుంది. పోతూ పోతూ ఆయిల్‌నీ వెంటేసుకుపోతుంది. రింగులు అరిగి పైమంట గాలి కిందికి దిగితే చెప్పనే అక్కర్లేదు..." ఇంజనుకు ఊపిరాడాలని ఆయన చెబుతున్నంతసేపూ వినేవాళ్లకు ఊపిరాడదు. సెక్రటరీ ఎజెండా మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఇంత తెలిసినాయన తన బండి బ్రీదర్ పైపు వంక ఒక్కసారైనా చూశారా అంటే, లేదు. ప్యాకింగులు మారుస్తారు, అనబాండ్ పూస్తారు, ఆ చేతులతోనే ఉప్మా తినబోయి పిన్నిగారితో తిట్లు తింటారు. పైపు జోలికి మాత్రం పోరు. అది మరుపు కాదని నా అనుమానం.

పై అంతస్తు హాస్టల్లో ఓ కుర్రాడు దిగాడు. ఏం చేస్తున్నావంటే, "మైత్రీవనం దగ్గర జావా నేర్చుకుంటున్నా అంకుల్" అన్నాడు. బాబాయి కళ్లు చెమర్చాయి.

"మైసూరు బండి! కిక్కు రాడ్డే గేరు రాడ్డు. 96లో ఫ్యాక్టరీ మూసేశారు కదయ్యా, ఇంకా నేర్పుతున్నారా?"

టూ స్ట్రోక్ జావాకు పెట్రోలు గాలి క్రాంక్‌కేస్‌లోంచే పైకి వెళుతుందనీ, అందుకే దానికి బ్రీదర్ ఉండదనీ చెబుతూ అరగంట నిలబెట్టేశారు. కుర్రాడు ఓపిగ్గా విని, "నేను చదివింది మెకానికలే అంకుల్. ఉద్యోగాల్లేక ఇటొచ్చా" అని, బండి స్టార్ట్ చేయించి బ్రీదర్ పైపు చివర బొటనవేలు పెట్టాడు. గాలి తగిలితే ఒట్టు. పైపు విప్పితే లోపలంతా గట్టిపడిన జిడ్డు, రబ్బరు పెదాలు అతుక్కుపోయి ఉన్నాయి. పైపును కిరోసిన్‌తో కడిగి, రాణిగంజ్ వెళ్లి కొత్త రబ్బరు, చైన్‌కేస్ రింగూ తెచ్చి వేసి, నట్టు మోస్తరుగా బిగించాడు. రెండు పూటల టిఫిన్ ఖర్చు కాలేదు.

తెల్లారి చూస్తే అట్టముక్క పొడిగా ఉంది.

బాబాయి ముందు ఆయిల్ అయిపోయిందనుకుని మూత తీసి చూశారు. నిండుగానే ఉంది. వారం గడిచింది. వాచ్‌మన్ పొట్టు తేవడం మానేశాడు. సెక్రటరీ ఎదురుపడితే గుడ్ మార్నింగ్ అంటున్నాడు, గొడవ పెట్టుకోవడానికి అతనికీ ఏమీ మిగల్లేదు. ఆదివారం పొద్దున్నే పిన్నిగారు సంచీ చేతికిచ్చి, "ఖాళీయే కదా, ఎర్రగడ్డ రైతుబజారుకి వెళ్లి టమాటాలు పట్రండి" అన్నారు.

సంచీ హ్యాండిల్‌కి తగిలించుకుని బాబాయి బయల్దేరారు గానీ, ఎర్రగడ్డ వైపు కాదు. పంజాగుట్ట సందులో ఉస్తాద్ షెడ్డు ముందు బండి ఆపారు.

"ఉస్తాద్, ఒకసారి హెడ్డు దించి చూద్దామా?"

ఉస్తాద్ చెవి పెట్టి విన్నాడు. ఇంజను కింద చెయ్యి పెట్టి తీసి చూసుకున్నాడు. వేలికి తడి లేదు.

"మంచిగ నడుస్తున్న బండికి హెడ్డెందుకు సాబ్ దించుడు? మీకు లీకే కావాలంటే చెప్పుండ్రి, ఒక నట్టు లూజు చేసిస్త."

బాబాయి కోప్పడలేదు. స్టాండు వేసి, పీట దగ్గరికి లాక్కుని కూర్చున్నారు.

"ఏ నట్టు?"