గాలి కలిపే గురువు కావాలంట

మా రోజుల్లో ఈతకు దరఖాస్తు లేదు, డాక్టరు సంతకం లేదు. ఎండలు ముదిరి బడికి సెలవులిస్తే చాలు, నడుముకు బెండ్లు కట్టి బావిలోకి తోసేసేవాళ్ళు. మా ఊరు కెంచార్లహళ్ళి చుట్టుపక్కల కపిల బావి లేని తోట అరుదు. రాతి కట్టడం, గోడలోంచి పొడుచుకొచ్చిన మెట్ల బండలు, అడుగున పచ్చటి నీళ్ళు. నేర్పేది మేనమామో, చిన్నాయనో, వాళ్ళు లేకపోతే పక్క తోట కాపు. నీళ్ళు అలవాటైన కొద్దీ బెండ్లు ఒక్కొక్కటే విప్పుతూ వచ్చేవాళ్ళు. ఆఖరి బెండు ఎప్పుడు విప్పాలనేది మాత్రం నేర్పేవాడి ఇష్టం. "ఇయ్యాల వద్దు లేరా, నీకు దమ్ము చాలట్లేదు" అంటే నోరు మూసుకుని గట్టెక్కి కూర్చోవాల్సిందే.

ఇప్పుడు మా మనవడు గురువు కోసం దేశమంతా గాలిస్తున్నాడు. వాడిది కంప్యూటర్ ఉద్యోగం. దుబాయిలో ఉన్నన్నాళ్ళు సెలవు దొరికితే ఫుజైరాకు పోయి, వీపుకు సిలిండర్ కట్టుకుని సముద్రంలో దిగేవాడు. మామూలు గాలి అయింది, ఆక్సిజన్ పాలు పెంచిన నైట్రాక్స్ అయింది, అడుగున ఎక్కువసేపు ఉండి మెట్టుమెట్టుకూ ఆగుతూ పైకి రావడం కూడా అయింది. ఇంక హీలియం కలిపిన ట్రైమిక్స్ ఒకటే బాకీ అనుకుంటుండగా కంపెనీ వాణ్ణి బెంగళూరుకు మార్చింది. ఎడారిలో దొరికిన గురువు కావేరి నీళ్ళు తాగే ఊళ్ళో దొరకడం లేదు. బెంగళూరులో ఈతకొలనులో మొదటి పాఠాలు చెప్పేవాళ్ళున్నారు. సముద్రం కావాలంటే మురుడేశ్వరం దగ్గర నేత్రాణి దీవి, లేదంటే పుదుచ్చేరి, విశాఖ, అండమాన్. వానాకాలంలో నేత్రాణికి పడవలే పోవు. పోయిన చోట కూడా ఎక్కువ మంది చేసేది యాత్రికుల బేరం: చెయ్యి పట్టుకుని అరగంట దించి, చేపల మధ్యన ఫొటో తీసి ఒడ్డున పడెయ్యడం.

"మామూలు గాలే నింపుకుని దిగరాదా? గాలి కూడా కలుపుకోవాలా?" అని అడిగినాను. హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరైనవాణ్ణి, తెలియక కాదు, వాడికెంత తెలుసో చూద్దామని. బాగానే చెప్పినాడు. ప్రతి 10 మీటర్లకూ ఒక వాతావరణం ఒత్తిడి పెరుగుతుంది. 30 మీటర్లు దాటితే గాలిలోని నైట్రోజనే సారాయి తాగినట్టు మత్తెక్కిస్తుంది. ఆక్సిజన్ ఒత్తిడి హద్దు మీరితే అదే విషం. అందుకే 60 మీటర్లకు పోయేవాళ్ళు 18 శాతం ఆక్సిజన్, 45 శాతం హీలియం, మిగతాది నైట్రోజన్ కలిపి పీలుస్తారు. ఇంకా లోతుకు పోవాలంటే ఆక్సిజన్‌ను 10 శాతానికి తగ్గిస్తారు. అదే సీసాను ఒడ్డున నోట్లో పెట్టుకుంటే కళ్ళు తిరిగి పడటమే. పైకి వచ్చేటప్పుడు పీల్చే సీసాలు వేరు. 50 శాతం ఆక్సిజన్ ఉన్నదాన్ని 21 మీటర్ల పైకి వచ్చినాకనే అందుకోవాలి. ఆదమరిచి 60 మీటర్ల దగ్గర దాన్ని అందుకుంటే మూర్ఛ వస్తుంది, నోట్లోది జారిపోతుంది, అంతే సంగతి.

ఈ లెక్కలేమీ నిన్న మొన్నటివి కావు. ఒత్తిడిలోంచి పైకి వచ్చేటప్పుడు మెట్టుమెట్టుకూ ఆగాలని తేల్చినవాడు జాన్ స్కాట్ హాల్డేన్. ఇనుప గదిలో మేకలను పెట్టి, ఒత్తిడి పెంచి తగ్గించి, ఏది కుంటుతోందో చూసి, 1908లో పట్టికలు అచ్చు వేయించినాడు. కొడుకు జె.బి.ఎస్. హాల్డేన్ మేకల దాకా పోలేదు, తానే ఆ గదిలో కూర్చున్నాడు. రెండో ప్రపంచ యుద్ధం నాటి ఆ పరీక్షల్లో ఆక్సిజన్ మూర్ఛ వచ్చి వెన్నుపూస దెబ్బతినింది, చెవి గూబకు చిల్లు పడింది. ఆ మనిషే 1957లో మన దేశానికి వచ్చి, ఇక్కడి పౌరుడై, 1964లో భువనేశ్వర్‌లో పోయినాడు. వీలునామాలో రాసిన ప్రకారం దేహాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు పంపినారు. మా రోజుల్లో మేష్టర్లు ఇట్లాంటివి చెప్పేవాళ్ళు. మా మనవడికి పాఠానికో కార్డు ఇచ్చినారు గానీ, కాకినాడ ముచ్చట ఒక్కడూ చెప్పలేదంట.

హీలియం ఖరీదు విని నాకే దమ్ము చాలలేదు. మన దేశం వాడేదంతా దాదాపు దిగుమతి సరుకే. ఆ వాయువు కథ మొదలైంది మాత్రం 1868 ఆగస్టు 18న పట్టిన సూర్యగ్రహణంతో. జాన్సెన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త దాన్ని చూడటానికి గుంటూరు దాకా వచ్చినాడు. ఆనాటి సూర్యుడి వెలుగులో కనబడిన పసుపు గీత ఎవరిదో తెలియకనే కొత్త మూలకానికి సూర్యుడి పేరు పెట్టినారు. గుంటూరు ఆకాశంలో ఊరికే కనబడిన సరుకును మనవడు లీటర్ల లెక్కన కొంటానంటున్నాడు.

వాడు సంచిలోంచి అరచేతిలో పట్టేంత డబ్బా ఒకటి తీసి చూపించినాడు. సిలిండర్ మూత కొంచెం తిప్పి, బుస్సుమనే గాలిని దాని నోటికి పట్టిస్తే ఆక్సిజన్ ఎంత శాతమో అంకె పడుతుంది. అంకె కుదురుగా నిలిచేదాకా చూసి, సిలిండర్ మీద టేపు అంటించి, శాతం, దిగదగ్గ లోతు, తేదీ రాసి సంతకం పెట్టాలి. హీలియం చూసేదానికి ఇంకో యంత్రం ఉంటుంది. ఎవరు నింపి ఇచ్చినా, ఎవరు కొలిచి ఇచ్చినా, పీల్చేవాడు తన చేత్తో మళ్ళీ కొలుచుకోకుండా నీళ్ళలో కాలు పెట్టకూడదంట.

ఈ మాట నాకు నచ్చింది. పాడుబడిన బావిలో పూడిక తీయాలంటే మా పెద్దోళ్ళు ముందు తాడుకు లాంతరు కట్టి దించేవాళ్ళు. దీపం మలిగిందా, లోపల చెడుగాలి ఉందని ఎవరినీ దిగనిచ్చేవాళ్ళు కాదు. వేపకొమ్మ కట్టి పైకీ కిందికీ ఆడించేవాళ్ళు, బిందెలతో నీళ్ళు కుమ్మరించేవాళ్ళు, మళ్ళీ దీపం దించేవాళ్ళు. నేనీ మాట చెబితే మనవడు, "దీపానికి అన్ని విషాలూ తెలియవు తాతా, కార్బన్ మోనాక్సైడ్ ఉన్నా అది వెలుగుతానే ఉంటుంది" అన్నాడు. నిజమే. అయినా ఇప్పుడు దీపం కూడా దించకుండా మనుషులను మ్యాన్‌హోళ్ళలోకి దింపుతున్నారు కదరా, దానికేమంటావు అంటే జవాబు లేదు.

అయినా దించేదానికి బావులేవీ? మా పక్క బావుల్లో ఇప్పుడు ముళ్ళకంపలు, ప్లాస్టిక్ కవర్లు. టమాటా తోటకూ రేషిం (మల్బరీ) తోటకూ బోరే గతి. మనవడు 60 మీటర్లని గొప్పగా చెబుతాడు గానీ, మా ఊళ్ళల్లో బోరు వెయ్యి అడుగులు దాటినా తడి తగలని చోట్లున్నాయి. తగిలితే ఫ్లోరైడు. 2018లో కోలారు చెరువులకు బెంగళూరు మురుగునీళ్ళు శుద్ధి చేసి వదలడం మొదలుపెట్టినారు. చెరువు నిండిందని సంతోషపడాలో, అందులోకి పిల్లోణ్ణి దించాలంటే జంకాలో తెలియని కాలం. ఈత రాని తరం తయారైంది. అందులోనే ఒకడు సముద్రం అడుగుకు పోతానంటాడు.

గురువు సంగతికొస్తే, దొరికినవాళ్ళల్లో ఒక సంస్థ వాళ్ళు డబ్బు ముందు కడితే నాలుగు రోజుల్లో కార్డు చేతిలో పెడతామన్నారు. వీడి పాత దిగుళ్ళ పుస్తకం కూడా అడగలేదంట. మా మామ ఆఖరి బెండును రూపాయి తీసుకుని విప్పి ఉంటే నేను ఈపాటికి ఫొటోలో దండ వేయించుకుని ఉండేవాణ్ణి. నేను ఊరుకోలేదు, ప్రశ్నలు రాసిచ్చినాను. నేర్పేవాడికి ఈ పాఠం చెప్పే అనుమతి ఈ ఏడు నడుస్తోందా, కార్డులిచ్చే సంస్థనే అడుగు. తాను అంత లోతుకు ఈమధ్యన పోయినాడా, లేక పాత గొప్పలా? ఒక్కసారికి ఎంతమందిని దించుతాడు? పైకి వచ్చినాక ఒంట్లో బుడగలు పుడితే తిరిగి ఒత్తిడిలో పెట్టే గది ఎంత దూరం? అండమాన్‌లో అయితే అది పోర్ట్ బ్లెయిర్ నౌకాదళ ఆసుపత్రిలో ఉందంట. ఊరి పేరు ఇప్పుడు శ్రీ విజయపురం, మా నోటికి ఇంకా పాతదే వస్తుంది.

ఇంకొకాయన దొరికినాడు. వీడి కార్డులన్నీ చూసి పక్కన పెట్టి, ముందు కొలనులో దిగు అన్నాడంట. ముఖానికి కట్టుకున్న అద్దం తీయించి, కళ్ళు కనబడకుండానే సిలిండర్ మూత మూయించి తెరిపించి, కదలకుండా ఒకే లోతులో నిలబడమని చెప్పి, వీడు ఒక మూర పైకి తేలితే మళ్ళీ మొదటినుంచి చేయించినాడంట. ట్రైమిక్స్ మాట వానలు పోయినాక చూద్దాం, అప్పటిదాకా మామూలు గాలితో నాతో కొన్నాళ్ళు దిగు, నువ్వెట్లా దిగుతావో నాకు తెలియాల అన్నాడంట. మనవడికి మొహం మాడిపోయింది. "దుబాయిలో నేర్చుకున్నవే మళ్ళీనా తాతా? ఊరు మారితే చదువు కూడా పోతుందా?" అని ఫోన్లో గంటసేపు సణిగినాడు.

దుబాయి గురువుకు నీ సంగతి తెలుసు, ఈయనకు తెలియదు, తెలుసుకోనీ అన్నాను. ఆ నాలుగు రోజుల వాళ్ళ నంబరు ఫోన్లోంచి తీసెయ్యమన్నాను. ఈయన ఎంత అడిగితే అంత ఇయ్యి, బేరమాడకు, సరిపోకపోతే నా పెన్షన్‌లో కొంత పంపుతానన్నాను. హీలియం ఖర్చు మాత్రం నన్నడగొద్దని ముందే చెప్పేసినాను.