అద్దానికి నల్ల ఫిల్మ్ నేరం, లోపల సిమ్ సౌకర్యం

కార్ల కంపెనీలు మళ్లీ లెక్కలు మొదలుపెట్టాయి. ఒకరు 60 కనెక్టెడ్ ఫీచర్లంటే పక్కవాళ్లు 70 అంటున్నారు. 2019లో ఎంజీ హెక్టర్ 'ఇంటర్నెట్ ఇన్‌సైడ్' అని ఒంటిమీద బిళ్ల అతికించుకుని దిగినప్పుడు అదో వింత. ఇప్పుడు పది లక్షలు పెట్టి కొన్న బండిలో సిమ్ లేకపోతే అదో నామోషీ. మన పోలీసులూ, కోర్టులూ మాత్రం ఇంకా అద్దాల దగ్గరే ఆగిపోయారు. నల్ల ఫిల్మ్ కూడదని సుప్రీంకోర్టు 2012లో చెప్పింది. 2022 మార్చిలో టోలిచౌకి దగ్గర ఓ హీరోగారి కారాపి, ఫిల్మ్ పీకించి, 700 రూపాయల చలానా రాశారు. అదే నెలలో జూబ్లీహిల్స్‌లోనూ పెద్దపెద్దవాళ్ల కార్ల అద్దాలు తెల్లబడ్డాయి. రోడ్డు మీద పోయేవాడు తొంగిచూడకుండా అడ్డుపెట్టుకుంటే నేరం. అదే కారు, అందులోవాళ్లు ఎప్పుడు బయల్దేరారో, ఎక్కడ ఆగారో, ఎంత వేగంతో పోయారో ఊరు తెలియని సర్వరుకి విన్నవిస్తే దానిపేరు సౌకర్యం!

ఈ సౌకర్యాలన్నిటికీ మకుటం నోటిమాటతో తెరుచుకునే సన్‌రూఫ్. అడుగు దూరంలో, తలమీదే బటన్ ఉంటుంది. వేలు చాపితే పని అయిపోతుంది. అయినా ప్రకటనలో దంపతులు కారుని బతిమాలతారు, కారు కరుణిస్తుంది, పిల్లాడు పైకి తల పెడతాడు. నడిచే బండిలో పిల్లాడి తల బయట పెట్టించడం ఏం భద్రతో ఆ దర్శకుడినే అడగాలి. పోనీ, తెరిచి చూసేదేమిటి? మన ఊళ్లో మార్చి నుంచి ఎండ, జూన్ నుంచి వాన, రెండూ లేని నాలుగు నెలలూ షేక్‌పేట దుమ్ము. టోలిచౌకి ఫ్లైఓవర్ కింద ఆగిన బండికి ఆకాశం స్థానంలో కనిపించేది సిమెంటు కప్పు.

అయినా ఆ రూఫ్ కోసం ఏం జరుగుతోందో చూడండి. పిలవగానే పలకాలంటే మైకు చెవి ఒగ్గే ఉండాలి. చాలా కార్లలో మన మాట సిమ్ మీదుగా ఎక్కడో ఉన్న కంప్యూటరుకి పోయి, అర్థమై, ఆజ్ఞగా తిరిగొచ్చాక గానీ అద్దం కదలదు. ఒక్క వేలి పనికి ఇంత యాత్ర. ఆ యాత్ర ఖర్చు కంపెనీ మనమీద ప్రేమతో భరిస్తోందని నమ్మేవాళ్లు ఫిల్మ్‌నగర్ దైవసన్నిధానం ముందు బండికి దిష్టి తీయించి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి నిశ్చింతగా ఉండొచ్చు. బయటి కళ్లకి విరుగుడు ఉంది. డ్యాష్‌బోర్డు వెనక కన్నుకి లేదు.

వెటకారం చాలు. 2023 సెప్టెంబరులో మొజిల్లా ఫౌండేషన్ 25 కార్ల బ్రాండ్ల గోప్యతా విధానాలు చదివింది. ఒక్కటీ పాసవలేదు. 84 శాతం బ్రాండ్లు మన సమాచారాన్ని ఇతరులకి ఇస్తామనో, అమ్ముతామనో వాళ్ల విధానాల్లోనే రాసుకున్నాయి. నిస్సాన్ అయితే లైంగిక జీవితం వివరాలు కూడా సేకరించే జాబితాలో చేర్చింది. కారు కంపెనీకి అదెందుకు? జనరల్ మోటార్స్ అమెరికాలో లక్షలమంది బ్రేకు ఎప్పుడు గట్టిగా తొక్కారో డేటా దళారులకి చేరవేసింది. అక్కణ్నుంచి అది బీమా కంపెనీలకి పోయింది, ప్రీమియాలు పెరిగాక గానీ జనానికి సంగతి తెలియలేదు. ఫోక్స్‌వాగన్ గ్రూపు సాఫ్ట్‌వేర్ సంస్థ నిర్లక్ష్యం వల్ల 8 లక్షల ఎలక్ట్రిక్ కార్ల వివరాలు ఇంటర్నెట్‌లో బార్లా తెరిచి ఉన్నాయని 2024 డిసెంబరులో బయటపడింది. ఇది దొంగతనం కూడా కాదు, తలుపు వేయడం మర్చిపోవడం! నడిపే తీరుని బట్టి ప్రీమియం కట్టించుకోడానికి మన బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2022 జులైలోనే దారి తెరిచింది. ఇవాళ అది ఐచ్ఛికం. రేపు వద్దన్నవాడి ప్రీమియం ఎంతుంటుందో ఊహించడం కష్టమేమీ కాదు.

అన్నిటికన్నా ఒళ్లు మండేది 'మీరు ఒప్పుకున్నారుగా' అనే మాట. ఎవరు ఒప్పుకున్నారు? జూబ్లీహిల్స్‌లో కారు యజమానిది, స్టీరింగు డ్రైవరుది. వేగం దాటితే అలర్టు, గీసిన హద్దు దాటితే అలర్టు, ఇంజను ఆన్‌లో పెట్టి ఆగి ఉంటే అలర్టు, అన్నీ అయ్యగారి ఫోనుకే. మే నెలలో స్టూడియో గేటు బయట అయ్యగారి కోసం మూడు గంటలు కూర్చున్న మనిషి పది నిమిషాలు ఏసీ వేసుకుంటే అదొక నేరపత్రం. అతను ఏ తెరమీదా 'ఐ అగ్రీ' నొక్కలేదు. 2023 డేటా రక్షణ చట్టం సమ్మతి స్వేచ్ఛగా, నిర్దిష్టంగా, విషయం తెలిసి ఇచ్చినదై ఉండాలంటుంది. రూల్స్ 2025 నవంబరులో వచ్చాయి, అసలు బాధ్యతలకి మాత్రం 18 నెలల గడువు ఇచ్చారు. కంపెనీలు సర్దుకోవాలట, పాపం.

ప్రమాదం జరిగితే ప్రాణాలు కాపాడేది ఆ సిమ్మే కదా అంటారు. నిజమే, కాపాడాలి. ప్రమాదమైతే తనంతట తానే సాయం పిలిచే ఈ-కాల్‌ని యూరప్ 2018 నుంచి కొత్త మోడళ్లలో తప్పనిసరి చేసింది. ఆ నిబంధనలోనే ఇంకో మాట కూడా ఉంది. గుద్దుకునేదాకా అది మౌనంగా ఉండాలి, మామూలు సమయంలో బండిని వెంబడించకూడదు. అంటే ప్రాణరక్షణకి రోజంతా నిఘా అక్కర్లేదని ఒక ఖండమే చట్టంలో రాసుకుంది. దొంగతనం భయమున్నవాడు తన ఇష్టంతో జీపీఎస్ పెట్టుకుంటాడు. ఫోను ఎలాగూ చూస్తోందిగా అనేవాళ్లకి ఒకటే జవాబు, ఫోను ఇంట్లో వదిలేసి పోవచ్చు, స్విచ్చాఫ్ చేయొచ్చు. దాచేదేముంది అనేవాళ్లు 2024 మార్చిలో పంజాగుట్ట స్టేషన్లో ఫోన్ ట్యాపింగ్ కేసు ఎందుకు నమోదైందో ఒకసారి గుర్తు తెచ్చుకుంటే మంచిది.

ఇష్టం లేకపోతే ఆపేసుకోమంటారు. ఎక్కడ ఆపాలి? యాప్ తీసేస్తే యాప్ పోతుంది, సిమ్ పోదు. అది బోర్డులో కూర్చున్న ఈ-సిమ్, పీకడానికి చేతికి దొరకదు. అమెరికాలో కొన్ని టొయోటా మోడళ్ల యజమానులు దాని ఫ్యూజు పీకి చూస్తే ట్రాకింగుతోపాటు మైకు కూడా చచ్చిపోయింది. మొండికేస్తే వారంటీ పేరు చెప్పి బెదిరించడానికి కౌంటరు వెనక మనిషి సిద్ధం. సేకరణ మొత్తాన్నీ ఆపేసే స్విచ్చు, ఆపినా హారనూ మైకూ పనిచేసే స్విచ్చు, కొత్త కారు తాళాలు ఇచ్చేటప్పుడే ఆఫ్‌లో ఉన్న స్విచ్చు కావాలి. అద్దాల్లోంచి వెలుతురు ఎంత శాతం పోవాలో కొలిచి నిబంధన రాసిన రవాణా శాఖకి ఇది రాయడానికి ఒక పేరా చాలు.