ఐదో ముక్కకు టీక

మెదక్ ప్రాంతపు కొల్చారం వాడైన మల్లినాథ సూరి కాళిదాస కావ్యాలకు వ్యాఖ్య రాయబోతూ ఒక మాట ఇచ్చాడు: మూలంలో లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను. ఆరు శతాబ్దాలు దాటినా ఆ మాట యానిమే అభిమానుల చెవిన పడలేదు. వాళ్లు ఎపిసోడ్ చూడరు, వ్యాఖ్యానిస్తారు. అదీ పక్కన కూర్చున్నవాడు మొదటిసారి చూస్తున్నప్పుడు, మూలం కంటే పెద్ద గొంతుతో. కాబట్టి ఆ వాక్యాలనే మూలంగా తీసుకుని వాటికే టీక రాయడం న్యాయం.

గ్రంథ పరిచయం. 'యు-గి-ఓ! డ్యూయల్ మాన్‌స్టర్స్', మొదటి ఎపిసోడ్. టీవీ టోక్యో 2000 ఏప్రిల్ 18న ప్రసారం చేసింది. 1996 నుంచి 2004 దాకా కజుకి తకహాషి 'షోనెన్ జంప్' వారపత్రికలో గీసిన బొమ్మల కథ దీనికి ఆధారం. యుగి అనే పిల్లవాడు, వాడికో తాత, తాత దగ్గర ఒక అరుదైన కార్డు. ఆ కార్డు మీద కైబా అనే డబ్బున్న కుర్రాడి కన్ను. వక్త: ఈ ఎపిసోడ్ కంఠతా వచ్చిన ఒక అభిమాని. శ్రోత: అతని బాబాయి.

మూలం: "ఆగు ఆగు ఆగు! ఇప్పుడు చూడు బాబాయ్!"

ప్రతిపదార్థం సుగమం. 'ఆగు' అన్నది ఎవరితో అన్నదే చిక్కు. బాబాయి కదల్లేదు. టీవీకి చెవుల్లేవు. రిమోట్ వక్త చేతిలోనే ఉంది గనుక ఇది ఆత్మగతమని ఒక పక్షం. మాట రెండుసార్లు వస్తే రెండోదాన్ని ఆమ్రేడితమన్నారు వ్యాకర్తలు. మూడోదానికి పేరు పెట్టలేదు, ఇలాంటి శ్రోత పాట్లు వాళ్ల ఊహకు అందలేదు కాబోలు. ఇక 'చూడు' అని చెప్పి బొమ్మను ఆపెయ్యడం. ఆగిన బొమ్మలో కైబా నోరు సగం తెరుచుకుని ఉంది. చూడవలసింది అదేనా? విరోధాభాస అలంకారం అందామంటే, అందులో విరోధం పైకి మాత్రమే కనిపిస్తుంది, లోపల పొందిక ఉంటుంది. ఇక్కడ లోపల కూడా విరోధమే. ఇరవై చిల్లర నిమిషాల కథ ఈ విధంగా గంట దాటింది.

మూలం: "అయ్యయ్యో, చింపేశాడు బాబాయ్!"

నీలికళ్ల తెల్ల డ్రాగన్. దాడి బలం 3000, రక్షణ బలం 2500. కథాలోకంలో అలాంటివి నాలుగే. మూడు కైబావి, నాలుగోది తాతది, స్నేహితుడు ఇచ్చింది. కైబా ఆటలో తాతను ఓడించి దాన్ని గుంజుకుంటాడు, ఆడుకోవడానికి కాదు. తన మీదికి ఎవరూ ఎత్తకుండా రెండు ముక్కలు చెయ్యడానికి. రసం కరుణం, సందేహం లేదు. ఆలంబనం ఏదన్నదే గొడవ. అక్కడ నేల మీద ఒక ముసలాయన కూలిపోయి ఉన్నాడు. ఓటమి దెబ్బకి ప్రాణం మీదికి వచ్చి, మనవడు పరుగెత్తుకొచ్చేసరికి లేవలేని స్థితి. అభిమాని కళ్లు చెమర్చింది అట్టముక్క కోసం. ఆయన్ని ఆసుపత్రికి తీసుకెళ్లే దృశ్యం రాగానే "ఇది బోరు" అని ముందుకు జరిపేశాడు. దీనికి శాస్త్రంలో రసాభాస అని పేరుంది. బాబాయి వాడిన మాట వేరు, అది ఇక్కడ రాయదగింది కాదు.

పాఠాంతరాలు. అమెరికాలో 2001లో మొదలైన ఇంగ్లీషు పాఠంలో యుగి స్నేహితుడు జోనౌచి జోయీ అయ్యాడు, తాత సుగొరొకు సాలమన్ అయ్యాడు. తుపాకులు పిల్లలకు తగవని చెరిపేస్తే, ఒక ఘట్టంలో రౌడీలు చూపుడువేళ్లు గురిపెట్టి బెదిరిస్తారు. అభిమాని చిన్నప్పుడు ఏది చూశాడో అదే శుద్ధపాఠం.

మూలం: "ఇప్పుడు వాడేం చేస్తున్నాడంటే..."

వాక్యం అసంపూర్ణం, ఎందుకంటే తెర మీద వాడు కూడా సరిగ్గా అదే చెబుతున్నాడు. ఈ సీరీస్‌కు వ్యాఖ్యాతల కరవు లేదు. కార్డు వేసినవాడు దాని శక్తి వివరిస్తాడు. ఎదుటివాడు అదిరిపడి మళ్లీ చెబుతాడు. గట్టు మీది స్నేహితులు ఒకరికొకరు తెలియజేసుకుంటారు. తర్వాతి ఎపిసోడ్లలో 'పాట్ ఆఫ్ గ్రీడ్' అని ఒక కార్డు వస్తుంది. పని: కట్టలోంచి రెండు ముక్కలు తీసుకోవడం, అంతే. ఖర్చు లేకుండా రెండు ముక్కలిస్తోందని అసలు పోటీల్లో దాన్ని నిషేధించారు. అంత తేలికైన సంగతిని కూడా ఆడినప్పుడల్లా ఒకడు నోరారా చెప్పాల్సిందే. మూడు వ్యాఖ్యలు మూలంలోనే ఉండగా నాలుగోది ఈ సోఫాలోంచి ఎందుకు అన్నది ప్రశ్న.

మూలం: "వచ్చేసింది! ఐదో ముక్క! నమ్మకం బాబాయ్, నమ్మకం!"

ఇది కీలక శ్లోకం. తాత తరఫున ఆడుతున్న యుగి మీద కైబా మూడు డ్రాగన్లనూ దించాడు. యుగి చేతిలో ఎక్సోడియా అనే రాక్షసుడి అంగాలు నాలుగు ఉన్నాయి. ఐదూ చేతికొస్తే ఆట అక్కడికక్కడే గెలుపు. తాత చెప్పినట్టు కట్టను నమ్మి ముక్క తీశాడు. వచ్చింది. అభిమాని లేచి నిలబడ్డాడు.

తాత పేరైన సుగొరొకు జపానులో ఒక పాచికల ఆట పేరు. పాచికలు అనగానే వ్యాఖ్యాత అరణ్యపర్వంలోకి వెళ్లక తప్పదు, పాఠకులు మన్నించాలి. పుష్కరుడి చేతిలో రాజ్యం ఓడిన నలుడు బాహుకుడనే కురూపిగా అయోధ్యలో ఋతుపర్ణుడి రథం తోలుతున్నాడు. దమయంతికి రెండో స్వయంవరమని కబురొస్తే రాజును విదర్భకు తీసుకెళ్తున్నాడు. దారిలో ఒక తానిచెట్టు, త్రిఫల చూర్ణంలో కలిపే తానికాయలు కాసేదే. పూర్వం పాచికలుగా వేసినవి ఆ కాయలే. ఋతుపర్ణుడు పరుగెత్తే రథంలోంచి ఒక చూపు చూసి లెక్క చెప్పాడు: రెండు కొమ్మల్లో ఆకులు అయిదు కోట్లు, కాయలు 2095. నలుడు నమ్మాడా? రథం ఆపాడు. రాజు ఆలస్యమవుతుందని మొత్తుకుంటున్నా దిగి, చెట్టు నరికి, కాయలు లెక్కపెట్టాడు. సరిపోయింది. అప్పుడు అడిగాడు ఆ విద్య నేర్పమని. అదే అక్షహృదయం. అది పట్టుబడగానే నలుణ్ణి ఆవహించి ఉన్న కలి ఒంట్లోంచి విషం కక్కుతూ బయటికొచ్చి తానిచెట్టులో దూరాడు. నరికిన చెట్టులో ఎలా దూరాడంటారా, అడగండి, ఆ చర్చకు వ్యాఖ్యాత ఎప్పుడూ సిద్ధమే. తర్వాత నలుడు పుష్కరుణ్ణి ఒక్క పందెంతో ఓడించాడు. ఈ కథ చెప్పిన బృహదశ్వుడు ధర్మరాజుకూ ఆ విద్య ఇచ్చాడు. దాని బలంతోనే ఆయన విరాటుడి కొలువులో కంకుడై పాచికలాడాడు. శ్రీహర్షుడి నైషధం నలదమయంతుల పెళ్లి, ఆ తర్వాతి సుఖాలతోనే ముగుస్తుంది, దాన్ని తెనిగించిన శ్రీనాథుడిదీ అంతే. ఇంత మంచి లెక్కల ఘట్టం ఇద్దరికీ దక్కలేదు. ఇది తెలుగు సాహిత్యానికి తీరని లోటని వ్యాఖ్యాత పాతికేళ్లుగా అందరికీ చెబుతూనే ఉన్నాడు, ఎవరూ పట్టించుకోలేదు.

ఎక్కడున్నాం? ఐదో ముక్క దగ్గర. ఋతుపర్ణుడి విద్యలో నమ్మకం పాలు లేదు, అంతా లెక్కే. 40 ముక్కల కట్టలోంచి మొదటి చేతిలోనే ఐదంగాలూ రావాలంటే 6,58,008 చేతుల్లో ఒక్కదానికే ఆ యోగం. యుగికి అవి ఒక్కొక్కటే వచ్చాయి కాబట్టి అంత అపురూపం కాదు. కట్టలో ముక్కలు తరిగేకొద్దీ ఐదోది తగిలే అవకాశం పెరుగుతుంది. పదమూడు ముక్కలాట ఆడే ఎవరైనా జోకరు కోసం చూసే లెక్క ఇదే. ఎన్ని తీశాడు, ఎన్ని మిగిలాయి అని బాబాయి అడిగాడు. "నీకు అర్థం కాదులే" అన్నాడు అభిమాని.

మూలం: "ఏం బుర్ర! ఏం బుర్ర!"

ఇది ఏడో ఎపిసోడ్ గురించి. మొదటిది నడుస్తుండగానే ఫోన్లో తీసి చూపించాడు. సముద్రపు జంతువులతో ఆడే ఒక బెస్తకుర్రాడి మీద యుగి తన రాతి సైనికుడి చేత చంద్రుణ్ణి కొట్టిస్తాడు. చంద్రుడు పోతే ఆటుపోట్లు పోతాయి, నీళ్లు తీస్తాయి, చేపలు ఒడ్డున పడతాయి. ఊహ బాగుంది, కాదనడం కుదరదు. చంద్రుడికీ సముద్రానికీ ఉన్న చుట్టరికం మీద మన కవులు ఎన్ని పద్యాలు రాశారో, ఒక్కరికీ చంద్రుణ్ణి బండరాయితో కొట్టాలని తోచలేదు. అయితే ఆ చంద్రుడు ఒక మంత్రపు కార్డు, కొట్లో కొనుక్కుని ఆడే ఆటలో మృగంతో దాని మీద దాడి చెయ్యడానికి వీల్లేదు. నీలికళ్ల డ్రాగన్ను దించాలంటే ముందు రెండు మృగాలను బలివ్వాలని, కైబా అదేమీ చెయ్యలేదని పావుగంట క్రితం ఉపన్యసించింది ఈ అభిమానే. మరి చంద్రుణ్ణి కొట్టొచ్చా అని అడిగితే, "అది వేరు బాబాయ్." ఎలా వేరో చెప్పడు. కథలో రూలు మారినందుకు ఎవరికీ కోపం లేదు, అది కథ. ఆ రూళ్లతో పక్కవాడి నోరు మూయించడం మాత్రం అన్యాయం.

ఎపిసోడ్ అయిపోయింది. పేర్లు పడుతున్నాయి.

మూలం: "ఎలా ఉంది?"

అభిమాని నోట గంటన్నరలో వచ్చిన ఏకైక ప్రశ్న. బాబాయి ఆలోచించి అన్నాడు: "బానే ఉందిరా. తాతకి తగ్గిందా?"

మూలం: "ఏ తాత?"

స్పష్టం.