ఓడినా పోనివ్వరు!

పోటీ అన్నాక ఎవరో ఒకరు ఓడి ఇంటికి పోవాలి. ఈ మోటు ఆచారాన్ని మాన్పించడానికి ఫిఫా పెద్దలు కంకణం కట్టుకున్నారు. 2022లో ఖతార్‌లో ఫుట్‌బాల్ వరల్డ్ కప్‌కు 32 జట్లు వస్తే, గ్రూపు దశలో 48 మ్యాచ్‌లు ఆడించి 16 జట్లను సాగనంపారు. 2026లో అమెరికా, కెనడా, మెక్సికోలకు వచ్చేవి 48 జట్లు. గ్రూపు దశలో మ్యాచ్‌లు 72. సాగనంపేది మాత్రం అదే 16! అప్పుడు మూడు మ్యాచ్‌లకో జట్టు పెట్టె సర్దుకునేది. ఇప్పుడు సగటున నాలుగున్నర మ్యాచ్‌లు గడిస్తే గానీ ఒక్క జట్టూ కదలదు.

కిటుకు మూడో స్థానంలో ఉంది. నాలుగేసి జట్ల గ్రూపులు 12. మొదటి రెండు స్థానాలవాళ్లు ఎలాగూ పాస్. మూడో స్థానంలో నిలిచిన పన్నెండింటిలో ఎనిమిదింటికి గ్రేస్ మార్కులు. నామోషీ ఏమీ లేదు. 2016 యూరో కప్‌లో పోర్చుగల్ గ్రూపు మ్యాచ్‌లు మూడూ డ్రా చేసుకుని, మూడో స్థానంలో గట్టెక్కి, చివరికి కప్పే ఎత్తుకుపోయింది.

ఆ ఎనిమిది జట్లు ఏయే గ్రూపులవన్నదాన్ని బట్టి ఎవరికి ఎవరు ఎదురుపడతారో తేలాలి. అందుకు ఏకంగా 495 రకాల కూర్పులు రాసి పెట్టారు. ఇకమీదట కోచ్ పక్కన ఒక సిద్ధాంతినీ కూర్చోబెట్టుకోవాలి.

అసలు 2017లో అనుకున్నది వేరు: మూడేసి జట్ల గ్రూపులు 16, మొత్తం 80 మ్యాచ్‌లు. చివరి మ్యాచ్‌లో ఇద్దరు ఆడుతుంటే మూడోవాడు గట్టున కూర్చోవాలి. ఆ ఇద్దరూ కూడబలుక్కుంటే? 1982 వరల్డ్ కప్‌లో, స్పెయిన్‌లోని హిహోన్‌లో జరిగింది అదే. ఆ గ్రూపులో అల్జీరియా తన మ్యాచ్‌లన్నీ ముందురోజే ముగించుకుంది. చివరి మ్యాచ్‌లో ఆస్ట్రియాపై పశ్చిమ జర్మనీ ఆరంభంలోనే ఒక గోల్ కొట్టింది. 1-0 అయితే తనూ ఆస్ట్రియా ఇద్దరూ ముందుకెళ్తారు. ఇక మిగతా సమయమంతా బంతితో షికారు. అప్పటినుంచే గ్రూపులో చివరి రెండు మ్యాచ్‌లూ ఒకే వేళకు పెడుతున్నారు.

ఆ భయంతోనే 2023లో ముగ్గురి పద్ధతి మానుకున్నారు. మ్యాచ్‌లు మాత్రం 80 నుంచి 104కు పెరిగాయి. భయం కూడా కొందరికి లాభసాటే! పోనీ, తలుపు మూశారా? మూశారు, దొడ్డిదారి తెరిచి. మూడో స్థానం లెక్క పన్నెండు గ్రూపులకూ కలిపి చూస్తారు. పన్నెండు గ్రూపులూ ఒకే గంటలో ముగియవు. ముందు ఆడినవాడు దేవుడికి దణ్ణం పెట్టుకుంటాడు. వెనక ఆడేవాడు పట్టిక చూసుకుని, డ్రా చాలనుకుంటే డ్రాకే ఆడతాడు.

దీనికీ మందుంది. 2030కి 64 జట్లను పిలవాలని దక్షిణ అమెరికా సమాఖ్య అడుగుతోంది. అప్పుడు గ్రూపులు 16 అవుతాయి, మొదటి ఇద్దరే ముందుకెళ్తారు, మూడో స్థానం గొడవే ఉండదు. మ్యాచ్‌లు మాత్రం 128. జట్లు పెంచినందువల్ల వచ్చిన జబ్బుకు మరిన్ని జట్లే వైద్యం!

ఇదే ఊపులో పోతే, ఫిఫాలోని 211 మంది సభ్యులనూ పిలిచేసే శుభదినం దూరం లేదు. 48కి పెంచినా ఆసియా క్వాలిఫయర్స్ రెండో రౌండే దాటలేకపోయిన మనకు అంతకన్నా ఏం కావాలి? ఆట నేర్పే ఖర్చు లేకుండా భారత్‌ను వరల్డ్ కప్‌లో ఆడించగలిగేది ఫిఫా ఒక్కటే.